మలుపు తిరుగనొల్లని మోటారుకారు

2021వ సంవత్సరము ఆగష్టు మాసమున ఒక ఉదయము, వాన వెలిసిన అరగంటకు, నేను నా చిన్న కారులో పాఠశాలకు వచ్చుచుంటిని. వెనుక సీటులో మన పాఠశాల పిల్లలు ఇద్దరు కూర్చుండియుండిరి. కాలువగట్టుమీది తారుబాట కుడివైపునకు మళ్లుచోట నేను స్టీరింగు చక్రమును ప్రతిదినమువలెనే త్రిప్పితిని. కారు ప్రతిదినమువలె తిరుగలేదు. దాని ముందుభాగము ఎడమనున్న కాలువవైపునకే తిన్నగా సాగెను. నేను భయపడి చక్రమును ఇంకను త్రిప్పితిని, ఫలము లేకపోయెను. ఏమి చేయుటకును తోచక యాక్సిలరేటరుమీదినుండి కాలు తీసితిని. వేగము కొంచెము తగ్గగానే ముందు టైర్లకు నేల చిక్కినట్లయి, కారు కుడికి మళ్లి, ఎడమచక్రములు గట్టు బురదలో దిగబడి నిలిచెను. చక్రమునకును గట్టు అంచునకును నడుమ జానెడు నేల మిగిలియుండెను. దేవుని కృపచేత ఎవరికిని దెబ్బ తగులలేదు.

కొంతసేపటికి వెనుకనున్న పిల్లవాడు, "మాస్టరుగారూ, స్టీరింగు విరిగిపోయిందాండీ?" అని అడిగెను.

స్టీరింగు విరుగలేదు. ఏ మరయును ఊడలేదు. అయినను కారు నా మాట వినలేదు. ఎందుకు వినలేదు? మరల అట్లు జరుగకుండ ఏమి చేయవలెను? ఆ పిల్లవాని ప్రశ్నకు ఆనాడు నేను సరిగా సమాధానము చెప్పలేకపోతిని. తరువాత తెలిసికొన్నంతవరకు ఇప్పుడు చెప్పుచున్నాను. మీలో ననేకులు రేపు కార్లు నడపువారే. మీ తండ్రులు నేడు నడపుచున్నారు. కావున ఇది ఒక్కని కథ కాదు.

వ్యాధి పేరు

పెద్ద ఓడను మలుపుటకు చిన్న చుక్కాని చాలునను పోలిక మన వేదపాఠములలో వచ్చినదే. అయితే చుక్కాని ఓడను మలుపగలుగుట నీరు దానిని ఒత్తుటచేతనే గదా. నీటినుండి పైకెత్తిన చుక్కాని ఎంత త్రిప్పినను ఓడ కదలదు. కారునందును అంతే. స్టీరింగు చక్రము మనవి మాత్రము చేయును. దానిని మన్నించునది ముందు టైర్లకు నేలపైనున్న పట్టు. ఒక్కొక్క టైరు నేలనంటు భాగము సుమారు అరచేతియంత. ఒక టన్నుకు దగ్గరగా తూగు బండి, అందులోని ప్రాణములు, అన్నియు అట్టి నాలుగు అరచేతులమీద ఆధారపడియున్నవి.

టైరు రబ్బరుతో చేసినది. కారు మలుపు తిరుగునప్పుడు ఆ రబ్బరు ప్రక్కకు సాగి వంగును. అందుచేత టైరు తాను చూచుచున్న దిక్కునకు సరిగా పోక, దానికి కొంచెము వెలుపలగా పోవును. చూచు దిక్కునకును పోవు దిక్కునకును నడుమనున్న కోణమును ఇంజనీర్లు స్లిప్ కోణమందురు. ఈ కోణము కొంతవరకు పెరిగినకొలదియు పట్టు పెరుగును. సాధారణమైన టైరునకు అది పది డిగ్రీల దరిదాపునకు వచ్చుసరికి పట్టు తన పైహద్దును చేరును. అటుపై ఎంత త్రిప్పినను పెరుగదు సరికదా, తగ్గును. కాలువగట్టుమీద నేను చక్రమును ఇంకను త్రిప్పుటవలన మేలు కలుగకపోవుటకు కారణమిదే.

ముందు టైర్ల స్లిప్ కోణము వెనుక టైర్లదానికంటె ఎక్కువైనచో, కారు మనము కోరిన వంపుకంటె వెడల్పుగా పోవును. దీనికి అండర్‌స్టీరని పేరు. వెనుక టైర్లే ఎక్కువ జారినచో కారు తోక వెలుపలికి విసరుకొని, బండి కోరినదానికంటె ఎక్కువగా తిరుగును, అది ఓవర్‌స్టీరు. 1930వ దశాబ్దమున అమెరికాలోని జనరల్ మోటార్సు సంస్థలో పనిచేసిన మారిస్ ఆలీ అను బ్రిటిషు ఇంజనీరు ఈ రెండు మాటలను వాడుకలోనికి తెచ్చినవారిలో ముఖ్యుడు. మన భాషలో చెప్పవలసివచ్చిన, మొదటిది చాలని తిరుగుడు, రెండవది మితిమీరిన తిరుగుడు.

వ్యాధికి కారణము

1957 మొదలు 2014 వరకు మన దేశమున తయారైన అంబాసిడరు కారులో ఇంజను ముందుండెను, బండిని నెట్టునవి వెనుకచక్రములు. 1959లో ఇంగ్లండున అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మినీ కారు వేరొక మార్గము చూపెను. అందులో ఇంజనును అడ్డముగా నిలిపి, ముందుచక్రములచేతనే బండిని లాగించిరి. మన దేశమున 1983 డిసెంబరులో విడుదలయిన మారుతీ 800 ఆ త్రోవ త్రొక్కినదే. నేడు మన వీథులలో తిరుగు చిన్న కార్లలో చాల భాగము ఇట్టివే. స్థలము కలిసివచ్చును, ఖర్చు తగ్గును. కాని బరువు ముందునకు చేరును.

ఉదాహరణకు, నడపువానితో కూడ 900 కిలోగ్రాములు తూగు కారున్నదనుకొందము. అందులో 560 కిలోగ్రాములు ముందు ఇరుసుమీదను, 340 మాత్రమే వెనుక ఇరుసుమీదను ఉండవచ్చును. పైగా ముందు టైర్లు మూడు కొలువులు చేయవలెను: బండిని లాగవలెను, మలుపవలెను, బ్రేకు వేసినప్పుడు ఆపుటలో ఎక్కువ పాలు వహింపవలెను. టైరునకున్న పట్టు ఒక సంచిలోని డబ్బువంటిది. బ్రేకునకు సగము ఖర్చుపెట్టినవాడు మలుపునకు మొత్తమును ఖర్చుపెట్టలేడు. మలుపు నడుమ యాక్సిలరేటరును త్రొక్కువాడును ఆ సంచినుండియే తీయుచున్నాడు.

మలుపు ఎంత పట్టును అడుగునో మీ గణితముతోనే తెలిసికొనవచ్చును. వేగమును సెకనుకు ఇన్ని మీటర్లని వ్రాసి, దానిని వర్గము చేసి, మలుపు వ్యాసార్ధముతో భాగింపుడు. 40 మీటర్ల వ్యాసార్ధముగల మలుపున గంటకు 40 కిలోమీటర్ల వేగమునకు 3.1 వచ్చును, ఇది భూమ్యాకర్షణ త్వరణమగు 9.8లో మూడవవంతుకంటె తక్కువ. 50 కిలోమీటర్లకు 4.8, అనగా సగము. 60 కిలోమీటర్లకు 6.9, అనగా నూటికి డెబ్బది పాళ్లు. వేగము ఒకటిన్నర రెట్లయినప్పుడు అడుగు పట్టు రెండు రెట్లు దాటినదని గమనింపుడు. మంచి టైర్లకు పొడి తారుబాటమీద నూటికి ఎనుబది పాళ్ల పట్టు ఉండవచ్చును. తడిసిన బాటమీద అది చాల తగ్గును. అరిగిన టైర్లకు, గాలి చాలని టైర్లకు ఇంకను తగ్గును. పొడిదినమున హాయిగా తిరిగిన మలుపు వానదినమున శత్రువగుట ఇట్లు.

ఇంకొక సూక్ష్మమున్నది. మలుపున బండి వెలుపలికి ఒరుగును. లోపలి టైరుమీది బరువు వెలుపలి టైరుమీదికి పోవును. ఒకటి పోగొట్టుకొన్నది మరియొకటి సంపాదించెను గదా, మొత్తము పట్టు తగ్గనేల అని మీరు అడుగవచ్చును. టైరు గుణమట్టిది: బరువు పెరిగినకొలది పట్టు పెరుగునుగాని, అదే నిష్పత్తిలో పెరుగదు. అర్థమగుటకై అంకెలు కల్పించుకొందము. 280 కిలోగ్రాములు మోయు టైరు 230 కిలోగ్రాముల పట్టునిచ్చుననుకొనుడు. సమముగానున్న రెండు ముందు టైర్లు కలిసి 460 ఇచ్చును. మలుపున ఒకటి 400, మరియొకటి 160 మోసినచో, మొదటిది 300, రెండవది 140, మొత్తము 440 మాత్రమే ఇచ్చును. ఇరువది కిలోగ్రాముల పట్టు గాలిలో కలిసెను. ఏ ఇరుసుమీద ఈ బరువు మార్పు ఎక్కువగా జరుగునో ఆ ఇరుసు ఎక్కువ నష్టపోవును. స్ప్రింగుల చికిత్స అంతయు ఈ సూత్రముమీదనే నడచును, దీనిని మనసునందుంచుకొనుడు.

మొదటి మెట్టు: గాలి

చికిత్స చవకయైనదానితో ప్రారంభింపవలెను. గాలి తక్కువైన టైరు ప్రక్కగోడ మెత్తబడి, మలుపున మడిగి, అంచుమీద నడచును. ముందు టైర్లలో గాలి తగ్గుటకంటె సులభముగా అండర్‌స్టీరును పెంచునది వేరొకటి లేదు. తయారుచేసినవారు కోరిన గాలి యెంతయో డ్రైవరు తలుపు చట్రముమీద అంటించిన చీటిలో వ్రాసియుండును. నా కారునకు చదరపు అంగుళమునకు 33 పౌనులు.

ఇచ్చట నా తప్పును ఒప్పుకొనవలెను. ఎండకాలమున టైరు ప్రేలునని నలుగురును చెప్పగా, మే మాసమున నాలుగు టైర్లలోను గాలి 28 పౌనులకు తగ్గింపించితిని. టైరు ఏ చిల్లియు లేకున్నను నెలకు సుమారు ఒక పౌను కోల్పోవును. ఆగష్టులో ఆ సంఘటన తరువాత కొలువగా ముందు టైర్లలో 25 ఉండెను. ఎండకు భయపడి గాలి తగ్గించుట వట్టి భ్రమ. గాలి తక్కువైన టైరే ఎక్కువగా మడిగి, ఎక్కువగా వేడెక్కి, ప్రేలుటకు దగ్గరయగును.

కొలుచుట ఉదయము, బండి కదలకముందు జరుగవలెను. వేడిమి 5 లేక 6 సెంటిగ్రేడు డిగ్రీలు పెరిగిన ఒక పౌను ఒత్తిడి పెరుగును. దూరము నడచివచ్చిన టైరు నాలుగైదు పౌనులు ఎక్కువ చూపవచ్చును. అది చూచి గాలి తీసివేయించినవాడు మరునాటి ఉదయము తక్కువ గాలితో బయలుదేరును. సొంత గేజి ఒకటి కారులో నుంచుకొనుట మేలు.

చీటిలోని అంకెను సరిగా పాటించిన తరువాత, టైరు గోడమీద ముద్రించిన పైహద్దునకు లోబడి, ముందు టైర్లలో రెండు పౌనులు ఎక్కువ పెట్టి చూడవచ్చును. అది చాలునో లేదో చెప్పు సాధనము మన చేతిలో ఎల్లప్పుడు ఉండునదే: సుద్దముక్క. ముందు టైరు నడకభాగము అంచునుండి ప్రక్కగోడ మీదికి మూడు నాలుగు చోట్ల అడ్డముగా సుద్దగీతలు గీయుడు. ఎప్పుడు పోవు బాటనే, ఎప్పుడు పోవు వేగముతోనే, పోయివచ్చి చూడుడు. గీత ప్రక్కగోడ మీదికి చెరిగిపోయినచో టైరు మడుగుచున్నదని, గాలి చాలలేదని అర్థము. అంచువరకు మాత్రము చెరిగినచో సరి. అంచు చేరకమునుపే గీత నిలిచియున్నచో గాలి ఎక్కువయ్యెను. ఇందుకై వేగముగా నడపి పరీక్షింపరాదు. బాట ప్రయోగశాల కాదు.

రెండవ మెట్టు: టైర్లు

గాలి సరియైన తరువాత రబ్బరును చూడవలెను. క్రొత్త టైరు గాడుల లోతు సుమారు 7 లేక 8 మిల్లీమీటర్లు. మన దేశపు నియమములనుబట్టి కారు టైరు గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకంటె తగ్గరాదు. గాడుల అడుగున చిన్న దిమ్మలు ఆ హద్దును చూపును. కాని వాననీటిని గాడులు బయటికి తోయవలెను గనుక, తడిబాటమీద పట్టు ఆ హద్దు చేరుటకు ముందే చాలవరకు పోవును. నా ముందు టైర్లలో 2 మిల్లీమీటర్లు మిగిలియుండెను. చట్టము ఒప్పుకొనెను, వాన ఒప్పుకొనలేదు.

ముందు టైర్ల వెలుపలి అంచు మాత్రమే గుండ్రముగా అరిగియున్నచో, ఆ కారు మలుపులలో ముందుటైర్లను ఈడ్చుకొని పోవుచున్నదని తెలిసికొనవలెను. డబ్బు ఒకేసారి వెచ్చింపదలచినవారు, ఏ రాట్నము కంటెను, ఏ స్ప్రింగు కంటెను ముందుగా, ఒకే రకమైన నాలుగు మంచి టైర్లకు వెచ్చింపవలెను.

రెండే కొనగలిగినచో ఏ ఇరుసునకు వేయవలెను? అండర్‌స్టీరు తగ్గవలెనన్న ముందునకు వేయవలెనని తోచును. అట్లు చేయరాదు. మంచి జతను వెనుకకు వేయుమనియే టైర్లు చేయువారు చెప్పుదురు. ఏలయనగా, తడిబాటమీద ముందు టైర్లు జారినచో కారు తిన్నగా పోవును, వేగము తగ్గించిన లొంగును. వెనుక టైర్లు జారినచో కారు గిరగిర తిరుగును, సామాన్యుని చేతికి లొంగదు. ఒక వ్యాధిని తీర్చి అంతకంటె పెద్ద వ్యాధిని తెచ్చుకొనుట వైద్యము కాదు.

మూడవ మెట్టు: కీళ్లును కోణములును

తరువాత అరిగిన భాగములు. షాక్ అబ్జార్బరు చెడిన చక్రము గతుకులమీద ఎగురును. ఎగిరినంతసేపు పట్టు లేదు. బుష్షులు, బాల్ జాయింట్లు వదులైనచో, యంత్రముమీద సరిచేసిన కోణము బాటమీద నిలువదు. ఇవి మార్చకుండ వీల్ అలైన్‌మెంటు చేయించుట తడిగోడకు వెల్లవేయుటవంటిది.

కోణములలో రెండు ముఖ్యములు. మొదటిది టో. పైనుండి చూచినప్పుడు ముందుచక్రముల ముందు అంచులు ఒకదానివైపు ఒకటి తిరిగియున్న టో ఇన్, ఎడముగా తిరిగియున్న టో అవుట్. కొంచెము టో అవుట్ ఇచ్చినచో కారు మలుపునకు త్వరగా స్పందించును. కాని తిన్నని బాటమీద నిలుకడ తగ్గి, టైర్ల లోపలి అంచు త్వరగా అరుగును. ప్రతిదినము నడపు కారునకు తయారీదారు చెప్పిన కొలతయే తగినది.

రెండవది కాంబరు. ముందునుండి చూచినప్పుడు చక్రము పైకొన లోపలికి వంగియున్నచో దానిని నెగెటివ్ కాంబరందురు. చిన్న కార్లలో ముందుచక్రములను మెక్‌ఫర్సన్ స్ట్రట్ అను ఒంటిస్తంభము మోయును. బండి ఒరిగినప్పుడు ఈ అమరికలో వెలుపలి చక్రము కూడ బండితోపాటు వెలుపలికి ఒరిగి, టైరు తన అంచుమీద నిలుచును. అరచేతియంత స్థలము రెండు వ్రేళ్లంతయగును. ముందుగానే చక్రమును కొంచెము లోపలికి వంచియుంచినచో, ఒరిగినప్పుడు అది నిలువుగా వచ్చి, పూర్తి అరచేయి నేలనంటును. అండర్‌స్టీరునకు అలైన్‌మెంటులో ఇంతకంటె మంచి మందు లేదు.

ఎంత వంచవలెను? ఒక డిగ్రీ మొదలు ఒకటిన్నర డిగ్రీవరకు దినచర్య కారునకు చాలును. 56 సెంటీమీటర్ల వ్యాసముగల చక్రమునకు ఒక డిగ్రీ అనగా, పైకొన క్రిందికొనకంటె సుమారు ఒక సెంటీమీటరు లోపలికి ఉండుట. కంటికి ఇంచుమించుగా కనబడదు. ఎక్కువ వంచినచో లోపలి అంచు అరుగును, తిన్నని బాటమీద బ్రేకు పట్టు తగ్గును. కొన్ని కార్లలో ఈ కోణమును మార్చుటకు వీలులేదు. స్ట్రట్టును చక్రపు పీఠమునకు రెండు బోల్టులతో బిగించిన కార్లలో ఒక బోల్టుకు బదులు కాంబరు బోల్టు వేసి మార్చవచ్చును. కాంబరు మార్చినప్పుడు టో కూడ మారును గనుక, టోను తిరిగి సరిచేయింపవలెను.

నాల్గవ మెట్టు: బారులును స్ప్రింగులును

ఇప్పుడు పై సూత్రమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. యాంటీ రోల్ బారనునది ఎడమ కుడి చక్రములను కలుపు ఉక్కు కడ్డి. బండి ఒరుగుటను అది మెలిపడి అడ్డగించును. ఏ ఇరుసుమీద బారు గట్టిదియో, ఆ ఇరుసే బరువు మార్పులో పెద్ద పాలు వహించును. కావున వెనుక బారును గట్టిపరచినచో, వెనుక టైర్ల పట్టు కొంత తగ్గి, ముందు టైర్లకు ఆ మేరకు భారము తగ్గును, అండర్‌స్టీరు తగ్గును. ముందు బారును గట్టిపరచినచో దీనికి విపరీతము జరుగును. బండి ఒరుగుట తగ్గెనుగదా అని సంతోషించి ముందు బారును లావు చేయించువారు, ఎక్కువ భాగము, తీరని వ్యాధిని కొనుచున్నారు.

చిన్న కార్లలో పెక్కింటికి వెనుకచక్రములను కలుపునది మెలిపడు దూలము. అదియే కొంతవరకు బారు పని చేయును. దానికి అదనపు బారును తగిలించు సాధనములు కొన్ని కార్లకు దొరకును. వేయించువారు మిక్కిలి మెత్తనిదానితో ఆరంభింపవలెను. ఇది వెనుకవానియొద్ద అప్పుతెచ్చి ముందువానికి ఇచ్చుట. వెనుక టైర్లు అరిగిన దినమున, వాన కురిసిన దినమున, అప్పు ఇచ్చినవాడు అడుగును.

బండిని క్రిందికి దింపు పొట్టి స్ప్రింగులను గూర్చి ఒక్క మాట. అవి చూపునకు అందమేగాని, ఒంటిస్తంభపు అమరికలో మితిమీరి దింపినచో చక్రముల కోణములు చెడి, కొన్నిసార్లు అండర్‌స్టీరు పెరుగును. మన ఊళ్ల స్పీడు బ్రేకరులు ఆ అందమును మొదటి వారములోనే పరీక్షించును. మరియు, రిజిస్ట్రేషను పత్రములోని వివరములతో సరిపడని మార్పులను 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నిషేధించుచున్నది. తయారీదారు పేర్కొనని కొలత టైర్లు, చక్రములు మొదలైనవి వేయించుటకు ముందు ఈ సంగతిని విచారింపవలెను.

పూర్తిగా మాన్పవలెనా?

కార్లు చేయువారికి ఈ విద్య తెలియదా? తెలిసియే కొంత అండర్‌స్టీరును మిగుల్చుదురు. దానికొక చరిత్ర కలదు. 1960వ సంవత్సరపు నమూనాగా అమెరికాలో వెలువడిన షెవర్లే కోర్వేరు కారునకు ఇంజను వెనుకనుండెను. తోక బరువు, దాని వెనుక ఇరుసు అమరిక, రెండును ఓవర్‌స్టీరునకు దారితీయగలవు. దీనిని అణచుటకై ముందు టైర్లలో 15 పౌనులు, వెనుక టైర్లలో 26 పౌనులు గాలి ఉంచుమని తయారీదారులు చెప్పిరి. అనగా గాలితోనే అండర్‌స్టీరును కొని తెచ్చిరి. ఆ తేడాను పాటింపక సమానముగా గాలి పట్టించినచో ఆ రక్షణ పోవును. 1965లో రాల్ఫ్ నేడరు తన గ్రంథపు మొదటి అధ్యాయమున ఈ కారును ఖండించెను. ఆ యేటి నమూనాకే వెనుక అమరికను మార్చిరి. 1972లో అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతా శాఖ, మొదటి నమూనా సాటి కార్లకంటె హీనము కాదని తేల్చెను. తీర్పు ఎట్లున్నను, నాలుగు టైర్ల గాలి ఒక కారు స్వభావమునే మార్చగలదని లోకమునకు తెలిసెను.

కావున మన గురి అండర్‌స్టీరును తగ్గించుట, తలక్రిందులు చేయుట కాదు. కొన్ని క్రొత్త కార్లలో ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోలు ఉన్నది. కారు వెడల్పుగా పోవుచున్నదని గ్రహించి, అది లోపలివైపు వెనుకచక్రమునకు తానే బ్రేకు వేసి ముక్కును లోపలికి త్రిప్పును. మంచి సహాయమే. కాని అదియు ఆ నాలుగు అరచేతుల పట్టునే వాడుకొనవలెను. లేని పట్టును సృష్టింపజాలదు.

చేయి చేయవలసినది

అన్ని మెట్లకును క్రింద పునాది ఒకటున్నది: మలుపునకు ముందే వేగము తగ్గించుట. బ్రేకు పని తిన్నని బాటమీదనే ముగింపవలెను. మలుపున టైరు సంచిలోని ధనమంతయు మలుపునకే విడువవలెను. బాట తిన్ననైన తరువాత యాక్సిలరేటరు. ఒకవేళ స్టీరింగు చేతిలో తటాలున తేలికై, ముందు టైర్లు కూయసాగినచో, అది హెచ్చరిక. అప్పుడు చక్రమును ఇంకను త్రిప్పకుడు. త్రిప్పినదానిని కొంచెము సడలింపుడు. యాక్సిలరేటరునుండి కాలిని మెల్లగా తీయుడు. బరువు ముందునకు వచ్చును, వేగము తగ్గును, పట్టు తిరిగివచ్చును. ఆనాడు నేను ఈ పనిని తెలియక చేసితిని. మీరు తెలిసి చేయుడు.

నేను మొదటి మూడు మెట్లు ఎక్కితిని. గాలిని 33 పౌనులు చేసి, ముందు వాటికి ఇంకొక రెండు కలిపితిని. నాలుగు టైర్లును మార్చితిని. అరిగిన బుష్షులు మార్పించి, ముందుచక్రములకు ఒక డిగ్రీ నెగెటివ్ కాంబరు ఇప్పించితిని. నాల్గవ మెట్టు ఎక్కలేదు, అవసరము కనబడలేదు. ఆ మలుపున ఇప్పుడు కారు చెప్పినట్లు తిరుగుచున్నది. అయినను వానదినమున అక్కడ 45 కిలోమీటర్లతో పోవువాడను ఇప్పుడు 30తో పోవుచున్నాను. అన్ని చికిత్సలలోను నాకు మిక్కిలి నమ్మకమైనది ఇదే. దీనికి ఒక కాసైనను ఖర్చు కాలేదు.

ప్రతి నెల మొదటి సోమవారము ఉదయము ఆ పిల్లవాడు, ఇప్పుడు పై తరగతులకు వచ్చినవాడు, గేజి తీసికొని నా కారు టైర్లను తానే కొలిచి, అంకెలను ఒక నోటుపుస్తకమున వ్రాయుచున్నాడు. ఒక పౌను తగ్గినను నన్ను విడువడు. ఆనాటి ప్రశ్నకు వాడు ఈ విధముగా తన సమాధానమును తానే వ్రాసికొనుచున్నాడు. మీ ఇండ్లలో కారున్నచో, మీరును రేపు ఉదయమే ఒక సుద్దముక్క, ఒక గేజి తీసికొని ప్రారంభింపుడు.